ఖాళీ గడిలో జెర్రిపోతులు

మా వీధిలో జ్ఞానమణమ్మగారు కోడిగుడ్లు ట్రే లెక్కన కొనరు. రోజుకొకటి కొంటారు. పొద్దున్నే చిన్న స్టీలు గిన్నె పట్టుకొని అమీనాబీ కొట్టుకు వెళ్ళి ఒక్క గుడ్డు తెచ్చుకుంటారు. "ఒకేసారి తెచ్చిపెట్టుకోవచ్చు కదమ్మా, మోకాళ్ళ నొప్పులతో రోజూ ఈ తిరుగుడేంటి?" అని ఒకసారి అడిగాను.

"తెచ్చిపెట్టుకుంటే రేపు కొట్టుకెందుకు వెళ్తాను రిబ్కా?" అన్నారామె.

అమీనాబీకీ ఈ సంగతి తెలుసు. అందుకే గుడ్డు గిన్నెలో పెట్టి ఊరికే పంపేయదు. "నిన్నటిది పులుసు పెట్టారా, అట్టేశారా?" అని అడుగుతుంది. దానికి జవాబు చెప్పడానికి జ్ఞానమణమ్మగారికి రెండు నిమిషాలు పడుతుంది. కొన్ని రోజులైతే ఆమె ఇంకో మనిషితో మాట్లాడేది ఆ రెండు నిమిషాలేనని నాకు తర్వాత తెలిసింది.

నేను తిరువూరులో వాళ్ళింటికి రెండిళ్ళ అవతల మిషను పెట్టుకొని జాకెట్లు కుడతాను. పుట్టింది, పదో తరగతి దాకా చదివింది వినగడపలో. జ్ఞానమణమ్మగారి భర్త సుందరరాజు మాస్టారు అక్కడ మాకు సైన్సు చెప్పారు. ఊళ్ళో ఆయన్ని పాముల మాస్టారు అనేవాళ్ళు. ఆయన పాముల్ని పట్టేవారు కాదు, ఆడించేవారూ కాదు. ఆ పేరెలా వచ్చిందో చెబుతాను.

నేను ఏడో తరగతిలో ఉండగా మా క్లాసు డానీని ఇంట్లో నిద్రలో పాము కరిచింది. వాపు లేదు, నొప్పి లేదు. చూరులో కనిపించిన పాము చిన్నది, నల్లది, దాని ఒంటిమీద తెల్లటి పట్టీలు. ఏదో మామూలు పామై ఉంటుందని వాళ్ళ నాన్న పసరు పోయించి పడుకోబెట్టాడు. అది కట్లపాము. డానీ మళ్ళీ లేవలేదు. అదే వారంలో వాళ్ళ వీధివాళ్ళు ఊరి పక్క పారే కట్టలేటి గట్టున ఏ పాపం ఎరుగని నీరుకట్టు పాముల్ని పదకొండింటిని కర్రలతో కొట్టి చంపారు. మాస్టారు ఆ చచ్చిన పాముల పక్కన గొంతుక్కూర్చొని ఏడ్చారు. పాముల కోసం ఏడ్చారో, డానీ కోసం ఏడ్చారో మాకు తెలియలేదు.

ఆ తర్వాత ఆయన ఒక పెద్ద అట్ట తెచ్చి స్కేలు పెట్టి ఇరవై గళ్ళు గీశారు. ఒక్కో గడిలో ఒక్కో పాము. బొమ్మ కింద పేరు, విషం ఉందా లేదా, ఏం తింటుంది, జనం దాని గురించి ఏమంటారు అని నాలుగు వరుసలు. అన్నిటికంటే కింద ఎర్రసిరాతో "నిజం" అని ఇంకో వరుస. జనం మాటల్ని ఆయన ఎక్కడా వెక్కిరించలేదు. వాళ్ళు ఎలా అంటారో అలాగే రాసేవారు. మొదట కొన్నిటికి చేత్తో బొమ్మలు వేశారు. ఉద్యోగం అయిపోయాక కెమెరా కొనుక్కొని, బొమ్మ తీసేసి ఫొటో అతికించడం మొదలుపెట్టారు. ఒక్క పట్టింపు మాత్రం ఉండేది. "మన ఏటిగట్టున మనం కళ్ళారా చూసిన పామైతేనే ఈ గళ్ళోకి రావాలి" అనేవారు.

ఆ ఇరవైలో ఆయన్ని ఎక్కువ ఏడిపించింది జెర్రిపోతుల జంట. జెర్రిపోతు మగదని, నాగుపాము ఆడదని, రెండూ పెనవేసుకొని లేచినప్పుడు వాటిమీద కొత్తగుడ్డ వేసి, ఆ గుడ్డ ఇంట్లో దాచుకుంటే మంచి జరుగుతుందని మా వైపు నమ్మకం. పిల్లల్లేనివాళ్ళకు పిల్లలు పుడతారంటారు, గాదె నిండుతుందంటారు. చర్చిలో ముందు వరుసలో కూర్చునేవాళ్ళ బీరువాల్లో కూడా అలాంటి గుడ్డలున్నాయి. నేనే చూశాను.

నేను తొమ్మిదిలో ఉండగా ఏటిమీది చప్టా దగ్గర ఒక జంట లేచింది. ఊరంతా చేరింది. ఎవరో కొత్త పంచె విప్పి విసరబోతుంటే మాస్టారు పరిగెత్తుకొచ్చి, "ఆగండయ్యా! రెండూ జెర్రిపోతులే, రెండూ మగవే. అది పెళ్ళి కాదు, పోట్లాట!" అన్నారు.

"మగో ఆడో మీరెళ్ళి అడిగొచ్చారా మాస్టారూ?" అన్నాడొకాయన. ఊరంతా నవ్వింది. పంచె పడింది. పాములు పోయాయి. రెండిటికీ ఒకే రకం తల, ఏ దానికీ పడగ లేదని చూపించే ఫొటో ఒక్కటి దొరికితే చాలని అప్పటినుంచీ ఆయన కోరిక.

అది దొరక్కుండానే ఆయన వెళ్ళిపోయారు. మూడేళ్ళవుతోంది. తిరువూరులో వాళ్ళింటి ముందుగదిలోనే సంతాపానికి ఆదరణ కూడిక జరిగింది. పాటలయ్యాయి, ప్రార్థనయింది, భోజనాలయ్యాయి, చుట్టాలు బస్సులెక్కారు. పిల్లల్లేని ఇల్లు. అప్పుడు జ్ఞానమణమ్మగారు ఆ అట్టకు ఎదురుగా కుర్చీ వేసుకొని కూర్చుని ఉండడం చూశాను. ఇరవై గళ్ళలో పదిహేను నిండాయి. అయిదు ఖాళీ.

"ఈయన ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు రిబ్కా" అన్నారామె.

ఆమెకు బల్లి అంటే భయం. కెమెరా ఎప్పుడూ ముట్టుకోలేదు. అయితే మాస్టారు చూపు తగ్గిన కొత్తలో తనకోసమని కెమెరామీద చిన్నచిన్న ప్లాస్టరు ముక్కలు అతికించుకొని, ఏ మీట ఎటు తిప్పాలో పెన్నుతో రాసుకున్నారు. "ఎండకు ఇటు." "మబ్బుకు ఇటు." "ఊపిరి బిగబట్టి నొక్కు." ఆ అక్షరాలు చదువుకుంటూ ఆమె నేర్చుకున్నారు. మొదటి నెలంతా మా వీధి కుక్కల్ని తీశారు.

తర్వాత శనివారాలు కట్టలేటికి వెళ్ళడం మొదలుపెట్టారు. వినగడపలో పరుపులు కుట్టే పీర్‌సాహెబు బాబాయ్ ఉన్నాడు. దూదేకే పని వాళ్ళ తాతల నాటిది. ఇప్పుడంతా ఫోము పరుపులు కొంటున్నారు కాబట్టి వారానికి రెండు మూడు రోజులు ఏట్లో చేపలు పడతాడు. థర్మాకోల్ ముక్కలు వలసంచిలో కుక్కి, పైన పరదా పట్టా చుట్టి కట్టిన తెప్ప ఆయనది. మాస్టార్ని తిప్పింది ఆయనే. మాస్టారి భార్య వచ్చి "నన్నూ తీసుకెళ్తావా పీర్‌సాహెబూ?" అని అడిగినప్పుడు ఆయన ఎందుకని అడగలేదు. ఆమె మోకాళ్ళు వంగవని మాత్రం గమనించాడు. వచ్చే శనివారానికి తెప్పమీద ఒక ప్లాస్టిక్ కుర్చీ తాళ్ళతో బిగించి కట్టి ఉంచాడు.

ఎక్కేముందు ఆమె కళ్ళు మూసుకొని ఒక్క మాట ప్రార్థన చేస్తారు. ఆయన బిస్మిల్లా అని గెడ వేస్తాడు. ఈ మూడేళ్ళలో నాలుగు గళ్ళు అలా నిండాయి. కప్పను సగం మింగిన నీరుకట్టు. సర్కారు తుమ్మ కొమ్మమీద ఆకులా వేలాడే పసిరిక పాము. చప్టా రాళ్ళ సందులో చుట్ట చుట్టుకొని ప్రెషర్ కుక్కర్‌లా బుసకొట్టిన రక్తపింజరి. వానకు గట్టు విరిగితే బయటపడిన రెండు తలల పాము. దానికి నిజంగా ఉన్నది ఒక్క తలే అని ఎర్రసిరా వరుసలో ఆమె రాశారు. మాస్టారి అక్షరానికి ఆమె అక్షరానికి తేడా తెలియదు. అంత జాగ్రత్తగా రాశారు.

మిగిలింది ఒక్క గడి. జెర్రిపోతుల జంట.

ఈ ఏడు బళ్ళు తెరిచాక, మాస్టారి బడికి కొత్తగా వచ్చిన సైన్సు సారు హర్షవర్ధన్ వాళ్ళింటికి వచ్చాడు. మంచి కుర్రాడు. అట్ట చూసి చాలా సంతోషించాడు. దాన్ని పెద్ద ఫ్లెక్సీగా వేయించి, ఆగస్టు పదిహేనుకు బడి గోడకు పెడదామన్నాడు.

"ఈ ఒక్కటీ ఖాళీ ఉందమ్మా. ఇంటర్నెట్‌లోంచి తీసి పెట్టేద్దామా? రెండు నిమిషాల పని."

"వద్దు బాబూ. మన ఏటి పాములే ఉండాలి."

"ఆగస్టు మొదటి వారానికి ప్రింటింగుకు ఇవ్వాలమ్మా మరి."

"ఇంకా మూడు శనివారాలున్నాయి కదా" అన్నారామె.

రెండు శనివారాలు ఏమీ కనిపించలేదు. మూడో శనివారం ముందురోజు ఆమె నా మిషను దగ్గరికి వచ్చి నిలబడ్డారు. పనేమీ ఉన్నట్టు లేదు. కాసేపు దారపు ఉండలు చూశారు. "రేపు నువ్వూ రాకూడదూ? గొడుగు పట్టుకుందువుగాని" అన్నారు. ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. చేతిలో మూడు జాకెట్లున్నాయి. అవి ఆగుతాయిలే అని వెళ్ళాను.

పొద్దున ఏడింటికల్లా చప్టా పైన ఉన్నాం. రాత్రి ఎగువన వాన పడ్డట్టుంది, నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. అయినా నెమ్మదిగానే పారుతున్నాయి. తెప్ప కుర్చీలో ఆమె, ఆమె వెనక గొడుగుతో నేను, చివర గెడ పట్టుకొని పీర్‌సాహెబు బాబాయ్. కుర్చీ కట్టిన తాడుకు ఆయన సంచి వేలాడుతోంది. అందులో టిఫిను డబ్బా, నీళ్ళ సీసా, మడతపెట్టిన తెల్లగుడ్డ ఉన్న ప్లాస్టిక్ కవరు. నమాజుకు పరుచుకునేది కాబోలనుకున్నాను.

రెండువైపులా పత్తి చేలు. కలుపు తీస్తున్న ఆడవాళ్ళు నడుము ఎత్తి చూశారు.

"ఏంటమ్మోయ్, పెళ్ళికూతురిలా కుర్చీలో ఊరేగుతున్నారు!" అని ఒకామె కేకేసింది.

"పెళ్ళికొడుకు ముందెళ్ళిపోయాడే! వెనకాల వెళ్తున్నా!" అన్నారు జ్ఞానమణమ్మగారు.

గట్టుమీద వాళ్ళు నవ్వబోయి ఆగిపోయారు. ఆమె మాత్రం నవ్వుతూనే ఉన్నారు. కాసేపటికి ఆ నవ్వు ఎక్కడ ఆపాలో తెలియనట్టు కెమెరా అద్దం తుడుచుకోవడం మొదలుపెట్టారు.

గంట గడిచింది. ఒక నీరుకట్టు తల మాత్రం పైకి పెట్టి మా పక్కనుంచే ఈదుకుంటూ పోయింది. నేను కాళ్ళు పైకి లాక్కున్నాను. "భయపడకు, అది మనల్నే చూసి భయపడుతోంది. పాపం, ఒక్కటే పోతోంది" అన్నారామె. ఆమె పాముల గురించి అలాగే మాట్లాడతారు, ఎవరో పక్కవీధి మనిషి గురించి మాట్లాడినట్టు.

ఏరు వంపు తిరిగేచోట బాబాయ్ గెడ ఆపాడు. గడ్డం ఎత్తి చూపించాడు.

గట్టుమీద గడ్డి కోసేసిన జాగాలో రెండు పాములు. ఒక్కొక్కటి నా ఎత్తు కంటే పొడుగుంటుంది. ఒళ్ళూ ఒళ్ళూ తాడు పేనినట్టు పెనవేసుకొని, నడుమెత్తు లేచి, ఒకదాని మెడ ఇంకోటి వంచాలని చూస్తోంది. ఒకటి వంగుతుంది, మళ్ళీ జారి పైకి లేస్తుంది. చప్పుడు లేదు, ఎండుటాకుల మీద తోకలు రాసుకునే చప్పుడు తప్ప. రెండిటి తలలూ ఒకటే. గోధుమరంగు, పెద్ద కళ్ళు. పడగ దేనికీ లేదు. నేను చూశాను. మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం.

జ్ఞానమణమ్మగారు కెమెరా ఎత్తారు. ప్లాస్టరు ముక్కమీద ఏముందో పెదవులతో చదువుకున్నారు. "మబ్బుకు ఇటు." మీట తిప్పారు. రెండు తలలూ ఒకేసారి మావైపు తిరగాలని ఆగారు. నేను గొడుగు కదలకుండా పట్టుకున్నాను. నాకు తెలియకుండానే నేనూ ఊపిరి బిగబట్టాను. పాములు ఒక్కసారి పైకి లేచాయి. రెండు తలలూ పక్కపక్కన వచ్చాయి. ఆమె వేలు మీటమీద ఉంది.

నా భుజం పక్కనుంచి తెల్లగా ఏదో ఎగిరింది.

మీట నొక్కిన చప్పుడు, బాబాయ్ కేక ఒకేసారి వినిపించాయి. "పడిందమ్మా! సరిగ్గా మీద పడింది!"

గుడ్డ కింద గడ్డి ఒక్క క్షణం కదిలింది. తర్వాత రెండు పాములూ చెరో వైపు జారి పత్తి చేలోకి పోయాయి. బాబాయ్ మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి, పరుగులాంటి నడకతో వెళ్ళి, గుడ్డను రెండు చేతులతో ఎత్తుకొని, దులపకుండా మడతపెట్టాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

జ్ఞానమణమ్మగారు కెమెరా వెనక చిన్న తెరలో చూసుకున్నారు. నేనూ వంగి చూశాను. ఒక్కటే ఫొటో వచ్చింది. ఒక పాము తల స్పష్టంగా ఉంది, కంట్లో మెరుపుతో సహా. రెండో తల ఉండాల్సిన చోట గాలిలో విచ్చుకున్న తెల్లగుడ్డ. పైన మూలలో, వెనకనుంచి ముందుకు చాచిన బాబాయ్ చెయ్యి.

"ఎందుకు వేశావు పీర్‌సాహెబూ?" ఆమె గొంతు పెద్దది కాలేదు. అదే నాకు కష్టమనిపించింది.

"కోరాగుడ్డమ్మా, పరుపు గుడ్డలోంచి కత్తిరించాను. నీళ్ళు కూడా తగలనివ్వలేదు. మూడేళ్ళనుంచి మోస్తున్నాను. మీరు ఈ జంట కోసం వెతుకుతున్నారని తెలిసిన రోజునుంచి."

"మీ ఇంటికా?"

"మాకెందుకమ్మా! కోడలు, మనవళ్ళు, మా ఆవిడ చెల్లెలు, ఇంట్లో కాలు చాపుకోడానికి చోటు లేదు. మీకోసం."

"ఈ వయసులో నాకేమొస్తుంది?"

ఆయన ఒడ్డునే నిలబడి, గుడ్డ రెండు చేతుల్లో పెట్టుకొని చెప్పాడు. "మా అమ్మ చెప్పేదమ్మా. ఈ గుడ్డ ఉన్న ఇల్లు ఖాళీగా ఉండదంట. ఎవరో ఒకరు వస్తూ పోతూ ఉంటారంట. శనివారం సాయంత్రం మిమ్మల్ని ఆటో ఎక్కించినప్పుడల్లా, తాళం తీసుకొని చీకటింట్లోకి వెళ్తారు కదా అనిపిస్తుంది."

ఆమె కెమెరాకు మూత పెట్టారు. తిరిగి వస్తుంటే కలుపు తీసేవాళ్ళు మళ్ళీ పలకరించారు గాని ఆమె వినలేదు. గెడ నీళ్ళలో పడే చప్పుడు, పైకి తీసినప్పుడు కారే చుక్కల చప్పుడు, అంతే. చప్టా దగ్గర బాబాయ్ గుడ్డను ఆమె చేతికి ఇవ్వబోయాడు. ఆమె చెయ్యి చాపలేదు. ఆయన దాన్ని మళ్ళీ కవరులో పెట్టి, నెమ్మదిగా కెమెరా సంచి పైన ఉంచి, తెప్ప ఒడ్డుకు లాక్కున్నాడు. తను చేసిన తప్పేంటో ఆయనకు అర్థం కాలేదు, తప్పు జరిగిందని మాత్రం అర్థమయింది. ఆ రోజు ఆయన టిఫిను డబ్బా కూడా విప్పలేదు.

తర్వాత రెండు రోజులు జ్ఞానమణమ్మగారు గుడ్డు కోసం రాలేదు. మూడో రోజు అమీనాబీ నన్ను పిలిచి, ఒక గుడ్డు కాగితంలో చుట్టి ఇచ్చింది. "ఇచ్చిరామ్మా. ఏం వండారో కూడా అడిగిరా. మర్చిపోకు."

వెళ్ళేసరికి ఆమె అట్ట ముందు కూర్చుని ఉన్నారు. మొన్నటి చీరే కట్టుకున్నట్టున్నారు. గుడ్డు తీసుకొని ఒళ్ళో పెట్టుకున్నారు.

"పీర్‌సాహెబుమీద కోపం లేదు రిబ్కా. మూడేళ్ళు ఒకే తెప్పమీద తిరిగాం. తాడుకు ఆ కవరు వేలాడుతూనే ఉంది. అందులో ఏముంది పీర్‌సాహెబూ అని ఒక్కసారీ అడగలేదు నేను. అడిగుంటే వద్దని చెప్పేదాన్ని. ఫొటో వచ్చేది." మళ్ళీ అన్నారు, "పెళ్ళయిన కొత్తలో ఎవరో ఇలాంటి గుడ్డే ఇస్తామన్నారు, పిల్లల కోసమని. ఇచ్చేది దేవుడు, గుడ్డ కాదన్నాను. ఇప్పుడూ అదే మాట. కానీ అప్పుడు ఇస్తామన్నవాళ్ళ మొహం నాకు గుర్తులేదు. ఈయన మొహం పోవడం లేదు కళ్ళముందునుంచి."

ఆ సాయంత్రమే హర్షవర్ధన్ సారు వచ్చాడు. మర్నాడే ప్రింటింగుకు ఇవ్వాలి. నేను అక్కడే ఉన్నాను. ఫొటో చూసి అయ్యో అన్నాడు. వెంటనే ఫోను తీశాడు.

"ఇది పెద్ద సమస్యే కాదమ్మా. ఇప్పుడు యాప్‌లున్నాయి. గుడ్డ చెరిపేస్తుంది, చెయ్యి చెరిపేస్తుంది. రెండో తల కూడా అదే పెట్టేస్తుంది, అచ్చం పాములాగే. చూడండి." రెండు మూడు సార్లు వేలితో నొక్కి మా వైపు తిప్పాడు. నిజంగానే రెండు తలలు. రెండిటికీ పడగ లేదు. మాస్టారు పాతికేళ్ళు వెతికిన ఫొటో. ఫోనులో మెరుస్తోంది.

ఆమె చాలాసేపు చూశారు. వేలు చాపి ఆ రెండో తలను ముట్టుకోబోయి ఆగిపోయారు. ఈ గడి నిండకపోతే ఆమెకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒప్పుకోవాలనే నేను లోపల ప్రార్థన చేసుకున్నాను, దేవుడు క్షమించుగాక.

"బాగుంది బాబూ" అన్నారు. "కానీ ఇది కట్టలేట్లో లేదు."

"పిల్లలకేం తెలుస్తుందమ్మా?"

"పిల్లలకు తెలియదు. అందుకే." ఆమె ఫోను వెనక్కి ఇచ్చారు. "నేను తీసిందే పెట్టు. గుడ్డతో సహా."

"జనం నవ్వరా?"

"మాస్టార్ని చూసీ నవ్వారు."

నన్ను పీర్‌సాహెబు బాబాయ్‌కి ఫోను చేయమన్నారు. స్పీకరు పెట్టాను. అవతల బాబాయ్ "అమ్మగారూ" అని ఆగిపోయాడు.

"పీర్‌సాహెబూ, ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. గుడ్డ వేసేముందు నువ్వేం చూశావు? అందులో నాగుపాము ఉందా?"

ఫోనులో వెనక మనవళ్ళ గోల వినిపిస్తోంది. "లేదమ్మా" అన్నాడు చివరికి. "రెండూ జెర్రిపోతులే. రెండూ ఒకటే సైజు. పడగ లేదు. మాస్టారు చెప్పినట్టే ఉంది." మళ్ళీ తనే అన్నాడు, "కానీ గుడ్డ మాత్రం మంచి గుడ్డేనమ్మా."

జ్ఞానమణమ్మగారు మూడు రోజుల తర్వాత నవ్వారు. "రాసుకుంటాను. నీ పేరు కూడా రాస్తాను, నీ చెయ్యి పడింది ఫొటోలో."

"నా పేరా! ఇంటిపేరుతో సహా రాయండమ్మా!"

ఆమె ఆ రాత్రి కూర్చొని ఆఖరి గడి నింపారు. మర్నాడు ప్రింటింగుకు వెళ్ళేముందు నేను చదివాను. పేరు: జెర్రిపోతులు. విషం: లేదు. తిండి: ఎలుకలు, కప్పలు. జనం ఏమంటారు: జెర్రిపోతు, నాగుపాము జత అంటారు, కొత్తగుడ్డ వేసి దాచుకుంటే ఇల్లు ఖాళీగా ఉండదంటారు. కింద ఎర్రసిరాతో: "నిజం: రెండూ మగ జెర్రిపోతులే, పోట్లాడుకుంటున్నాయి. రెండో తల గుడ్డ కింద ఉంది. అదీ జెర్రిపోతే. నేను చూశాను. రిబ్కా చూసింది. గుడ్డ వేసిన షేక్ పీర్‌సాహెబు గారు కూడా చూశారు."

ఆగస్టు పదిహేనున ఫ్లెక్సీ గోడకెక్కింది. పిల్లలంతా ఆ గడి దగ్గరే గుమిగూడారు, గుడ్డ గాలిలో ఉన్న ఫొటో కదా. పీర్‌సాహెబు బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, తన చెయ్యి ఏదో వేలు పెట్టి చూపించాడు. జ్ఞానమణమ్మగారికి కుర్చీ వేసి శాలువా కప్పారు. సాయంత్రం ఇద్దరం బస్సులో తిరువూరు వచ్చాం. ఆమె తాళం తీసుకొని లోపలికి వెళ్ళారు. లైటు వెలిగింది.

తర్వాతి వారం ఆమె ఆ తెల్లగుడ్డ పట్టుకొని నా దగ్గరికి వచ్చారు. ఇంకా కవరులోనే ఉంది, గడ్డిపరక ఒకటి అంటుకొని.

"దీనికి నాలుగు అంచులూ మడిచి కుట్టిపెట్టు. ఒక మూల మేకుకు తగిలించేలా చిన్న పట్టీ కూడా వెయ్యి."

"బీరువాలో దాచుకోరా అమ్మా?" అన్నాను, ఊరికే.

"దాచుకోను. నేను నమ్మేది గుడ్డను కాదని నీకు తెలుసుగా. కానీ గుడ్డ అన్నాక ఏదో ఒక పనికి రావాలి కదా."

కుట్టిచ్చాను. ఆమె దాన్ని ఉతికి, ఇస్త్రీ చేసి, వెనక వాకిట్లో కుళాయి పక్కన మేకుకు తగిలించారు. ఇంటికి వచ్చినవాళ్ళు చేతులు తుడుచుకోడానికి.

ఇప్పుడు ఏరు పోటుమీద ఉంది. తెప్ప వెయ్యడానికి లేదు. పైగా ఇంక ఖాళీ గళ్ళూ లేవు. శనివారం వస్తే ఆమె కెమెరా బ్యాటరీ ఛార్జింగు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టడం నా కిటికీలోంచి కనిపిస్తుంది. నెలకోసారి బాబాయ్ పరుపుల పనిమీద తిరువూరు వస్తే చేపలిచ్చి పోతాడు, తొందరలో ఉంటాడు, గుమ్మం దగ్గరనుంచే.

మొన్న మధ్యాహ్నం జాకెట్టు కొలతకు వెళ్ళాను. పని అయిపోయాక వెనక వాకిట్లోకి తొంగి చూశాను. గుడ్డ ఉతికినరోజు ఎలా ఉందో అలాగే ఉంది. తెల్లగా, పొడిగా, ఇస్త్రీ మడత కూడా చెదరకుండా.

నా చేతులు శుభ్రంగానే ఉన్నాయి. అయినా కుళాయి తిప్పి కడుక్కున్నాను. మోచేతుల దాకా తడుపుకొని, ఆ గుడ్డతో గట్టిగా తుడుచుకొని, తడి తెలిసేలా అక్కడే వదిలేసి వచ్చాను.